పోలేపల్లి షిఫ్ట్‌కు వెళ్లే ముందు: ఆల్కహాల్, ఫినాల్, యాసిడ్

పాన్‌గల్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు బీఎస్సీ కెమిస్ట్రీ చేసినవాళ్లలో చాలామంది ముందుగా చూసేది జడ్చర్ల దగ్గరి పోలేపల్లి ఫార్మా సెజ్ వైపు. అక్కడ కుదరకపోతే జీడిమెట్ల, పాశమైలారం. ఇంటర్వ్యూలో పాత ప్రశ్నే వస్తుంది: ఆల్కహాల్, ఫినాల్, కార్బాక్సిలిక్ యాసిడ్‌లలో దేని ఆమ్లత్వం ఎక్కువ? పీకేఏ విలువలు అందరూ చెప్తారు: ఇథనాల్‌కు సుమారు 16, ఫినాల్‌కు 10, ఎసిటిక్ యాసిడ్‌కు 4.76. ఈ తేడాతో ప్లాంట్‌లో ఏం చేస్తారో చెప్పగలిగితే మీరు మిగతావాళ్ల కంటే ముందుంటారు.

ఒక కేసు చూద్దాం. సాల్వెంట్‌లో బెంజోయిక్ యాసిడ్, ఫినాల్, బెంజైల్ ఆల్కహాల్ కలిసి ఉన్నాయి. ముందు సోడియం బైకార్బొనేట్‌తో వాష్ చేస్తే యాసిడ్ నీటి లేయర్‌లోకి దిగుతుంది. తర్వాత కాస్టిక్‌తో (సోడియం హైడ్రాక్సైడ్) వాష్ చేస్తే ఫినాల్ దిగుతుంది. ఆల్కహాల్ సాల్వెంట్‌లోనే మిగులుతుంది. ముందే కాస్టిక్ పోస్తే యాసిడ్, ఫినాల్ రెండూ కలిసే దిగిపోతాయి, వాటిని విడదీసే పని మళ్లీ పడుతుంది. పిక్రిక్ యాసిడ్ లాంటి నైట్రో ఫినాల్స్ బైకార్బొనేట్‌లోనే కరుగుతాయని కూడా చెప్పండి. పుస్తకం అర్థం చేసుకుని చదివారని అడిగేవాళ్లకు తెలుస్తుంది.

ఇదే బైకార్బొనేట్ వాష్ షిఫ్ట్‌లో ప్రమాదం తెస్తుంది. రియాక్టర్‌లో 6 కిలోల ఎసిటిక్ యాసిడ్ మిగిలి ఉందనుకోండి. దాన్ని న్యూట్రల్ చేయడానికి 8.4 కిలోల బైకార్బొనేట్ కావాలి. బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ 4.4 కిలోలు, అంటే సుమారు 2,400 లీటర్ల గ్యాస్. టైం లేదని ఒకేసారి కుమ్మరిస్తే నురగ పొంగి మ్యాన్‌హోల్ నుంచి ఎగజిమ్ముతుంది. వెంట్ మూసి ఉంటే ప్రెషర్ పెరుగుతుంది. వెంట్ తెరిచి ఉందో లేదో మీ కళ్లతో చూసుకుని, కొంచెం కొంచెంగా వేయండి.

గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ 16.6 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. చలికాలం రాత్రి షిఫ్ట్‌లో డ్రమ్ గట్టిపడిందని దానికి మంట చూపించకండి. దాని ఫ్లాష్ పాయింట్ 39 డిగ్రీలే. డ్రమ్‌ను వెచ్చని గదిలో ఉంచి కరగనివ్వండి.

ఆల్కహాల్‌తో భయం ఆవిరి దగ్గరే. మిథనాల్ ఫ్లాష్ పాయింట్ 11 డిగ్రీలు, అంటే మన దగ్గర ఏడాది పొడవునా అంటుకునే స్థితిలోనే ఉంటుంది. పగటి వెలుగులో దాని మంట సరిగా కనిపించదు కూడా. టాబ్లెట్ యూనిట్లలో వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ఫ్లాష్ పాయింట్ కూడా ఇంచుమించు ఇంతే. ఎర్తింగ్ క్లిప్ పెట్టకుండా డ్రమ్ ఖాళీ చేయొద్దు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో సాల్వెంట్ లీకై, ఆవిరి కమ్ముకుని పేలడంతో 17 మంది చనిపోయారు. అది ఆల్కహాల్ కాదు, ఈథర్. అయినా లీకు, ఆవిరి, నిప్పు అనే వరుస ఒకటే.

ఫినాల్ మోసం చేస్తుంది. చర్మం మీద పడ్డచోట తెల్లబడి మొద్దుబారుతుంది. నొప్పి తెలియదు కాబట్టి కొత్తవాళ్లు గుడ్డతో తుడుచుకుని పనిలో పడతారు. అది చర్మం గుండా రక్తంలోకి చేరుతుంది, ఎక్కువ మేర పడితే ప్రాణం పోవచ్చు. తడిసిన బట్టలు వెంటనే తీసేసి పీఈజీ-400తో (పాలిఇథిలీన్ గ్లైకాల్) తుడవాలి. అది చేతికి అందేలోపు సేఫ్టీ షవర్ కింద ధారాళంగా కడుగుతూనే ఉండాలి. తర్వాత తప్పకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

చేరిన మొదటి రోజే మీ ఏరియాలో వాడే కెమికల్స్ ఎంఎస్‌డీఎస్‌లు (భద్రతా సమాచార పత్రాలు) అడిగి చదవండి. సేఫ్టీ షవర్ లాగి నీళ్లొస్తున్నాయో చూడండి. చేయని స్టెప్‌కు బీఎంఆర్‌లో (బ్యాచ్ తయారీ రికార్డు) ముందే సంతకం పెట్టకండి, ఎంక్వైరీలో మొదట కనిపించేది ఆ సంతకమే. డిస్పాచ్ ఒత్తిడి ప్రతి నెలా ఉంటుంది. అనుమానం వచ్చిన చోట చార్జింగ్ ఆపి ఇన్‌చార్జ్‌ను పిలవండి, ఆపిన టైం, కారణం రాసిపెట్టండి. ఆ రాతే రేపు మీ తరఫున మాట్లాడుతుంది.