చేంజ్ అంటే చిల్లర ఒక్కటే కాదు

మలికిపురం

చిరంజీవి బుజ్జిబాబుకి,

నీకు దుబాయ్ వీసా వచ్చిందని మీ నాన్న చెప్పిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. సగం సంతోషం, సగం బెంగ. ఫోన్లో చెప్పిన మాటలు గాలికి పోతాయి కాబట్టి కాయితం మీద పెడుతున్నాను. మడిచి పాస్‌పోర్టు కవరులో దాచుకో.

ఐటీఐ చదివావు, ఇంగ్లీషు నాకంటే నీకే ఎక్కువ వచ్చు. అయినా ఒక సంగతి నేనే చెప్పాలి. తెలియని మాటతో అంత భయం లేదురా. అది వినపడగానే పక్కనున్నవాళ్ళని అడుగుతాం. తెలుసనుకున్న మాటతోనే ముప్పు.

1996లో మొదటిసారి కువైట్ వెళ్ళాను. సఖినేటిపల్లి రేవులో పంటు మీద గోదావరి దాటి, నరసాపురంలో రైలెక్కి, బొంబాయి చేరి, అక్కడ విమానం ఎక్కాను. దారిలో ఇంకో విమానం మారాలి. కాయితం మీద ఏ గేటు నంబరు ఉందో ఆ గేటు ముందే కదలకుండా కూర్చున్నాను. మైకులో ఒక ఆడమనిషి మూడుసార్లు చెప్పింది, గేట్ చేంజ్, గేట్ చేంజ్ అని. రెండు మాటలూ నాకు వచ్చినవే. గేటంటే రైలు గేటు. చేంజంటే కండక్టరు అడిగే చిల్లర. అది నాకు సంబంధించిన సంగతి కాదనుకున్నాను. పక్కనున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి పోతుంటే టీకి వెళ్తున్నారు కాబోలనుకుని కొంగు కప్పుకుని కూర్చున్నాను. నా విమానం నాలుగు గేట్ల అవతల నుంచి ఎగిరిపోయింది. పద్నాలుగు గంటలు అక్కడే ఉన్నాను. ఒక మలయాళీ నర్సమ్మ నా ఏడుపు చూసి, చెయ్యి పట్టుకుని కౌంటరు దగ్గరికి తీసుకెళ్ళి ఇంకో విమానంలో చోటు అడిగింది. ఆ తల్లి పేరైనా అడగలేకపోయాను. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

అప్పటినుంచి మన ఇళ్ళల్లో తిరిగే ఇంగ్లీషు మాటల్ని మళ్ళీ కొత్తగా నేర్చుకున్నాను. బోర్డింగ్ అంటే మనకి పిల్లల్ని పెట్టే హాస్టలు, అక్కడ విమానం ఎక్కడం. బోర్డింగ్ క్లోజ్డ్ అన్నారంటే తలుపు వేసేశారన్నమాట. కనెక్షన్ అంటే మనకి కరెంటో గ్యాసో, అక్కడ మారాల్సిన విమానం. రైలు దగ్గర లగేజీ అంటాం, అక్కడ బోర్డుల మీద బ్యాగేజ్ అని ఉంటుంది. విమానం ఆలస్యమైతే డిలేడ్ అని పడుతుంది. ఫైనల్ కాల్ అని వినపడితే మాత్రం చేతిలో టీ ఉన్నా పారబోసి పరుగెత్తు.

టైము చదవడం కూడా భాషే. గల్ఫ్ విమానాలు కొన్ని అర్ధరాత్రివేళ బయల్దేరతాయి. టికెట్టు మీద 15వ తారీఖు 00:30 అని ఉంటే, 14 రాత్రి భోజనానికే నువ్వు శంషాబాదు ఎయిర్‌పోర్టులో ఉండాలి. 15 సాయంత్రం తీరిగ్గా పెట్టె సర్దుకుని వెళ్ళి, వెనక్కి తిరిగొచ్చిన కుర్రాణ్ణి మన ఊళ్ళోనే చూశాను.

మన గోదావరి వాళ్ళకి పొట్టకూటికి పైదేశం వెళ్ళడం కొత్త కాదు. మా తాత రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళాడు, కాకినాడలో స్టీమరెక్కి, డెక్కు టికెట్టు మీద. కాకినాడ పక్కన కోరంగి రేవు ఉందిగా, ఆ పేరు పట్టుకుని బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అనేవారట. 1941 డిసెంబరులో రంగం మీద జపాను బాంబులు పడ్డాక వేలమంది అడవుల్లో నడిచి వచ్చారు. తాత కూడా అలాగే వచ్చాడు. రంగంలో పనిచేసిన మిల్లులో మేస్త్రీ అరిచే మాటల్లో తనకి ముందు అర్థమైనవి రెండే అనేవాడు, ఒకటి ఆగు, రెండోది తప్పుకో. ప్రాణం కాపాడే మాటలు ముందు నేర్చుకోవాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను నీకు చెప్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి, వీసా కాయితం. నా పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అని అచ్చు ఉండేది. పదో తరగతి పాసవ్వనివాళ్ళకి అది వేస్తారు. ఆ అచ్చు ఉన్నవాళ్ళు దుబాయ్ ఉండే యూఏఈ, కువైట్ లాంటి పద్దెనిమిది దేశాలకి పనికి వెళ్ళాలంటే 1983 చట్టం ప్రకారం సర్కారు అనుమతి తెచ్చుకోవాలి. నీది పది పాసైన పాస్‌పోర్టు, ఆ అచ్చు ఉండదు. అడ్డు లేదని సంతోషపడకు, నీ కాయితాలు చూసి ఆపేవాళ్ళు కూడా లేరన్నమాట. అందుకే నువ్వే చదువుకోవాలి. వీసాలో ఎంప్లాయ్‌మెంట్ అని ఉందా, విజిట్ అని ఉందా? విజిట్ అంటే చూసిపోవడం. దాని మీద పని చెయ్యడం అక్కడ నేరం. వెళ్ళాక మార్పిస్తామని ఏజెంటు ఎంత తియ్యగా చెప్పినా పెట్టె సర్దకు. కౌంటరులో పర్పస్ అంటే ఎందుకు వెళ్తున్నావని. కాయితం మీద ఉన్నదే నోటితో చెప్పు.

మీ అమ్మ మసాలా కట్టి ఇస్తుంది. అందులో గసగసాలు లేకుండా చూడు. మనకి అవి కోడికూరలోకి, వాళ్ళకి మత్తుమందు లెక్క. పిడికెడు దొరికినా జైలే. ఇంగ్లీషులో పాపీ సీడ్స్ అంటారు, ఈ మాట కంఠతా పట్టు. పూతరేకులు హాయిగా పట్టుకెళ్ళు. ఆవకాయ సీసా మాత్రం చెక్-ఇన్ పెట్టెలో పెట్టు, చేతిసంచీలో ఉంటే తీసేస్తారు. ఫోను పవర్ బ్యాంకు అయితే చేతిసంచీలోనే ఉండాలి. ఇక ఊళ్ళోవాళ్ళు మా వాడికివ్వమని మందులో పొట్లాలో తెస్తారు. కౌంటరులో అడుగుతారు, డిడ్ ఎనీవన్ గివ్ యూ ఎనీథింగ్ అని. నో అని నిజంగా చెప్పగలిగేలా వెళ్ళు. మొహమాటపడకు, నా పేరు చెప్పి తప్పించుకో.

మనకో అలవాటుంది, అర్థం కాకపోతే తల ఊపేస్తాం. మన తల ఊపు అవునో కాదో బయటివాళ్ళకి తెలియదు. తెలియకపోయినా అవుననే అనుకుంటారు. కువైట్‌లో మొదటి వారం ఒక కాయితం ముందు పెట్టి ఏదో అడిగితే యెస్ అన్నాను. ఆ ఒక్క మాటకి నా సెలవు రోజు పోయింది, రెండేళ్ళు. అర్థం కానప్పుడు సారీ, ఐ డోంట్ అండర్‌స్టాండ్ అను. తరవాత ప్లీజ్ స్పీక్ స్లోలీ అను. పదిసార్లయినా అను. అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు నాన్నా, తెలియక సంతకం పెట్టాకే గుండె మండుతుంది. ఆపద వస్తే దుబాయ్‌లో పోలీసులకి 999 నొక్కాలి. నీ పేరు, నువ్వున్న చోటు, హెల్ప్ అన్న మాట, మూడూ గబగబా చెప్పగలగాలి.

ఈ ఇంగ్లీషు మాటలు చదివితే వచ్చేవి కావు, చెవికి అలవాటు కావాలి. అందుకు రాజమండ్రి స్టేషనుని మించిన బడి లేదు. ప్రతి రైలు గురించీ తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో చెప్తారు. తెలుగు వినేశావు గనక ఇంగ్లీషులో ఏమంటారో నీకు ముందే తెలుసు. ఎరైవింగ్, డిపార్టింగ్, రన్నింగ్ లేట్, అన్నీ అక్కడే ఉన్నాయి. రైలు నంబరు ఐదంకెలూ విడివిడిగా చదువుతారు, అది వింటూ రాసుకో. అంకెలు చెవిలో పడ్డాయంటే గేటు నంబరు, విమానం నంబరు, ఫోను నంబరు అన్నీ పడతాయి.

శనివారం పొద్దున్న బస్సుకి రాజమండ్రి స్టేషనుకి నేనే వస్తున్నాను. ప్లాట్‌ఫాం టికెట్లు రెండు తీసి ఉంచు. కాయితం, పెన్ను మర్చిపోకు.

మీ అత్త