ముందు బండిని దాటేముందు

రమజాను నెలలో ఒక సాయంత్రాన్ని ఊహించుకుందాం. అస్ర్ నమాజు చేసుకుని భార్యాబిడ్డలతో కారులో ఊరికి బయలుదేరాం. ఇఫ్తారుకు ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. ఊరు పదిహేను కిలోమీటర్లు. పెద్ద రహదారి దిగి, డివైడర్ లేని సింగిల్ రోడ్డు ఎక్కాం. పోవడానికి ఒక వరుస, రావడానికి ఒక వరుస. మన ముందు వరిగడ్డి ఎత్తుగా పేర్చిన ట్రాక్టరు ఒకటి నెమ్మదిగా పోతోంది. గడ్డి అడ్డంతో అవతల ఏముందో కనబడదు. గడియారం చూస్తాం, హారన్ కొడతాం, కుడివైపుకు తొంగి చూస్తాం. వెనుక సీటులోంచి ఎవరో, “ఏమీ రావడం లేదు, పోనివ్వు” అంటారు.

ఆ క్షణంలో మన కాలు ఏ పెడల్ మీద పడుతుందన్నది కేవలం డ్రైవింగుకు సంబంధించిన సంగతేనా? కాదు. అది మన సహనానికి పరీక్ష. తోటి మానవుల హక్కుల పట్ల మనకున్న భయభక్తులకు పరీక్ష. నమాజు గురించి, ఉపవాసం గురించి, జకాత్ గురించి ధర్మం ఏమంటుందో మనం అడిగి తెలుసుకుంటాం. స్టీరింగ్ పట్టుకున్నప్పుడు మాత్రం ధర్మానికి అక్కడ చెప్పవలసింది ఏమీ లేనట్టు ప్రవర్తిస్తాం. ఇస్లాం సంపూర్ణ జీవన విధానమని నమ్మే మనం ఈ విషయాన్ని కూడా దాని వెలుగులో చూడవలసి ఉంది.

దారికి కూడా హక్కు ఉంది

దారుల్లో కూర్చోవద్దని దైవప్రవక్త (స) ఒకసారి సహచరులను వారించారు. మాట్లాడుకోవడానికి తమకు వేరే చోటు లేదని వారు విన్నవించుకున్నారు. అలాగైతే దారికి దాని హక్కు ఇవ్వమని ఆయన (స) ఆదేశించారు. చూపులను అదుపులో ఉంచుకోవడం, ఇతరులకు బాధ కలిగించకపోవడం, సలాముకు బదులివ్వడం, మంచిని ఆదేశించడం, చెడు నుండి వారించడం ఆ హక్కులని వివరించారు. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

దారి పక్కన ఊరకే కూర్చున్నవాడికే ఇన్ని బాధ్యతలు ఉంటే, టన్ను బరువున్న ఇనుప వాహనాన్ని అదే దారిలో పరుగెత్తించేవాడికి ఎన్ని ఉండాలి? దారిలో నుండి బాధ కలిగించే వస్తువును తొలగించడం కూడా విశ్వాసపు శాఖల్లో ఒకటని మరో హదీసు బోధిస్తోంది. ముల్లును తీసివేయడం ఈమాన్ అయినప్పుడు, మనమే ఎదుటివారి దారిలో ముల్లుగా మారడం దేనికి గుర్తు?

సింగిల్ రోడ్డు మీద ముందు బండిని దాటాలంటే మనం కుడివైపు వరుసలోకి వెళ్ళాలి. ఆ వరుస మనది కాదు, ఎదురుగా వచ్చేవారిది. అది ఖాళీగా ఉన్నంతసేపు మాత్రమే దాన్ని వాడుకునే అనుమతి మనకు ఉంది. వారు వస్తుండగా చొరబడి, లైట్లు వేసి, హారన్ కొట్టి వారిని మట్టిలోకి దింపడం ఒకరి హక్కును లాక్కోవడమే. ఎదురుగా వచ్చేది లారీ అయితే ఆగే మనం, సైకిలో మోటారు సైకిలో అయితే ఆగం. బలహీనుడి హక్కు కూడా హక్కేనని మరచిపోతాం.

అరఫాత్ నుండి ఒక పాఠం

హిజ్రీ 10వ సంవత్సరం. వీడ్కోలు హజ్. అరఫాత్ మైదానం నుండి ముజ్దలిఫాకు వేలాది జనం ఒక్కసారిగా కదిలారు. వెనుక నుండి ఒంటెలను అదిలించే కేకలు, కొరడా దెబ్బల చప్పుడు వినిపించాయి. దైవప్రవక్త (స) తన కొరడాతో వారికి సైగ చేసి, నెమ్మదిగా రమ్మని, పుణ్యం తొందరపాటులో లేదని హెచ్చరించారు. హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) ద్వారా ఈ సంఘటన బుఖారీలో నమోదైంది.

ఆ ప్రయాణంలో దైవప్రవక్త (స) ఒంటెపై ఆయన వెనుక కూర్చున్నది హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి). దైవప్రవక్త (స) ఎలా ప్రయాణించారని తరువాత ఆయన్ను అడిగారు. మధ్యస్థమైన నడకతో సాగేవారని, ఖాళీ దొరికినప్పుడు వేగం పెంచేవారని ఆయన తెలిపారు. ఇది కూడా బుఖారీ, ముస్లింలలో ఉన్న హదీసే.

ఈ చిన్న వాక్యంలో మనకు కావలసిన పాఠమంతా ఉంది. వేగం హరామ్ కాదు. ముందుకు పోవడం తప్పు కాదు. కానీ ముందు ఖాళీ, ఆ తరువాతే వేగం. మనం చేస్తున్నది దీనికి తలకిందులు. ముందు వేగం పెంచుతాం, ఆ తరువాత ఖాళీ కోసం వెతుకుతాం.

లెక్క వేసి చూద్దాం

ఖాళీ అంటే ఎంత? కంటికి కనిపించే అంచనా ఇక్కడ మోసం చేస్తుంది. ట్రాక్టరు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, మనం 60తో పోతున్నామనుకుందాం. ట్రాక్టరుకు 20 మీటర్ల వెనుక నుండి బయటికి వచ్చి, దాన్ని దాటి, 20 మీటర్లు ముందుకు పోయాక మళ్ళీ ఎడమకు చేరాలి. ట్రాక్టరూ ట్రాలీ కలిపి సుమారు 10 మీటర్లు, మన కారు 4 మీటర్లు. అంటే ట్రాక్టరు కంటే మనం 54 మీటర్లు ఎక్కువగా పోవాలి. దానికి ఆరున్నర సెకన్లు పడుతుంది. ఆ ఆరున్నర సెకన్లలో మన కారు దాదాపు 108 మీటర్లు పోతుంది. ఎదురుగా 60 వేగంతో వచ్చే బస్సు కూడా మన వైపుకు 108 మీటర్లు వస్తుంది. రెండూ కలిపితే 216 మీటర్లు. ఇది ఒకరికొకరు తగలకుండా అంచున తప్పించుకునే దూరం మాత్రమే. క్షేమంగా దాటాలంటే కనీసం 300 మీటర్ల రోడ్డు ఖాళీగా కనబడాలి. ట్రాక్టరు వెనుక 30కి తగ్గి, అక్కడి నుండి వేగం అందుకోవాలంటే ఇంకా ఎక్కువ కావాలి.

50 వేగంతో పోయే లారీని 70తో దాటాలంటే దాదాపు పది సెకన్లు పడుతుంది. ఎదుటి బండి కూడా 70తో వస్తుంటే అంచు దూరమే దాదాపు 380 మీటర్లు అవుతుంది.

ఇక ఆగితే ఏం పోతుందో కూడా లెక్కవేద్దాం. ఆ ట్రాక్టరు వెనుక రెండు కిలోమీటర్లు ఓపికగా పోతే నాలుగు నిమిషాలు పడుతుంది. 60 వేగంతో పోతే రెండు నిమిషాలు. తేడా రెండు నిమిషాలు! ఈ రెండు నిమిషాల కోసం మన ప్రాణాన్ని, భార్యాబిడ్డల ప్రాణాలను, ఏ పాపం ఎరుగని ఎదుటివారి ప్రాణాలను పణంగా పెడుతున్నాం. కేంద్ర ప్రభుత్వ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. మన చేతులతో మనమే వినాశంలో పడవద్దని దివ్యఖుర్ఆన్ (అల్ బఖర: 195) చేసిన హెచ్చరిక మనకు వర్తించదా?

దాటే మర్యాదలు

1. ప్రయాణ దుఆతో బయలుదేరాలి. ఈ వాహనాన్ని మనకు వశపరచినది అల్లాహ్ అని, అది మన శక్తి కాదని, చివరికి ఆయన వద్దకే మరలిపోవలసి ఉందని ఆ దుఆ భావం (అజ్ జుఖ్రుఫ్: 13, 14). నాలుకతో ఈ మాట పలికినవాడి కాలు యాక్సిలరేటర్ మీద గర్వంగా పడకూడదు.

2. మలుపుల్లో, ఎత్తు ఎక్కి దిగేచోట, ఇరుకు వంతెన మీద, నాలుగు దారులు కలిసేచోట, రోడ్డు మధ్య తెగని గీత ఉన్నచోట దాటకూడదు. ముందు బండి అప్పటికే వేరొకదాన్ని దాటుతుంటే దాని వెంట మనమూ దూరకూడదు.

3. బండికి మరీ దగ్గరగా జరిగితే అవతలి దారి కనబడదు. కొంచెం వెనక్కి తగ్గితేనే చూపు విశాలమవుతుంది. ముందు చూడాలి, అద్దంలో వెనుక చూడాలి, ఇండికేటర్ వేయాలి, ఆ తరువాతే కుడివైపు నుండి దాటాలి. లారీలకు ఎడమవైపు నుండి మోటారు సైకిలును దూర్చడం చావును వెతుక్కోవడమే. ఆ డ్రైవరుకు మనం కనబడం.

4. ముందు డ్రైవరు చెయ్యి ఊపాడనో, ఇండికేటర్ వేశాడనో గుడ్డిగా పోకూడదు. ఆయన పొలంలోకి మలుపు తిరగడానికి వేశాడేమో! మన కళ్ళతో చూసిందే మనకు ఆధారం.

5. హారన్ ఒక హెచ్చరిక. దాన్ని తిట్టుగా మార్చకూడదు. నడకలో మధ్యేమార్గం పాటించమని, గొంతు తగ్గించమని హజ్రత్ లుఖ్మాన్ (అలైహి) తన కుమారునికి చేసిన హితవు దివ్యఖుర్ఆన్‌లో ఉంది (లుఖ్మాన్: 19). గొర్రెల మంద, బర్రెలు, ఎడ్లబండి ఎదురైతే హారన్ మోతతో అవి బెదిరి అడ్డం వస్తాయి. అక్కడ ఆగడమే ఉత్తమం.

6. అనుమానం వస్తే దాటకూడదు. సగం దాటాక ఎదురుబండి కనబడితే మొండికి పోకుండా బ్రేకు వేసి, వెనక్కి తగ్గి, మన వరుసలోకి రావాలి. వెనక్కి తగ్గడం ఓటమి కాదు. కుస్తీలో పడగొట్టేవాడు కాదు, కోపంలో తనను తాను అదుపు చేసుకునేవాడే బలవంతుడని దైవప్రవక్త (స) సెలవిచ్చారు.

నెమ్మదిగా పోయేవారి బాధ్యత

బాధ్యత ఒకవైపే లేదు. మన సోదరుల్లో ఎందరో ఆటోలు, ట్రాక్టర్లు, లారీలు నడుపుతున్నారు. వెనుక బండ్లు బారులు తీరితే, వీలున్నచోట ఎడమకు జరిగి దారి ఇవ్వాలి. సభల్లో ఇతరులకు చోటు కల్పించమని, అలా చేస్తే అల్లాహ్ మనకు విశాలం చేస్తాడని దివ్యఖుర్ఆన్ బోధిస్తోంది (అల్ ముజాదల: 11). సభలో నేర్చిన ఈ మర్యాద రోడ్డు మీద కూడా మనకు శోభనిస్తుంది. ఎవరైనా మనల్ని దాటుతున్నప్పుడు పంతానికి పోయి వేగం పెంచడం చట్టరీత్యా నేరం, ధర్మరీత్యా హాని తలపెట్టడం. రాత్రివేళ ట్రాలీకి వెనుక లైటుగాని, మెరిసే స్టిక్కరుగాని లేకుండా పోవడం కూడా అలాంటిదే.

“రాసిపెట్టి ఉంటే జరుగుతుంది”

తొందరపాటును సమర్థించుకోవడానికి కొందరు తఖ్దీర్‌ను అడ్డం పెట్టుకుంటారు. ఒంటెను కట్టేసి అల్లాహ్‌పై భారం వేయాలా, వదిలేసి భారం వేయాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, కట్టేసి భారం వేయమని దైవప్రవక్త (స) చెప్పారు (తిర్మిజీ). బ్రేకు, చూపు, ఓపిక మన కాలంలో ఒంటెను కట్టే తాళ్ళు.

పొరపాటున ఒక విశ్వాసి ప్రాణం పోయినా దివ్యఖుర్ఆన్ దాన్ని తేలికగా తీసుకోలేదు. వారసులు క్షమిస్తే తప్ప రక్తపరిహారం చెల్లించాలని, దానితోపాటు ప్రాయశ్చిత్తం చేసుకోవాలని ఆదేశించింది. బానిస విముక్తికి వీలులేనివారికి ఆ ప్రాయశ్చిత్తం రెండు నెలలు వరుసగా ఉపవాసాలు పాటించడం (అన్ నిసా: 92). రెండు నిమిషాల తొందరకు రెండు నెలల ఉపవాసం! షరీఅత్‌కు విరుద్ధం కాని ట్రాఫిక్ నియమాలను పాటించడం ధార్మికంగా కూడా తప్పనిసరి అని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1993లో బ్రూనైలో జరిగిన తన 8వ సమావేశంలో తీర్మానించింది. మన దేశ చట్టం కూడా 2019 సవరణ ద్వారా నియమవిరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడాన్ని ప్రమాదకర డ్రైవింగులో చేర్చింది. 2024 జూలై 1 నుండి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో ప్రాణం తీసినవారికి అయిదేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు.

పక్క సీటువారి మాట

సత్యాన్ని, సహనాన్ని ఒకరికొకరు ఉపదేశించుకునేవారే నష్టపోనివారని ‘అస్ర్’ సూరా మనకు నేర్పుతోంది. కారులో ఆ ఉపదేశం పక్క సీటు నుండే రావాలి. “ఏమండీ, తొందరేం లేదు, నెమ్మదిగా పోనివ్వండి” అని భార్య అంటే అది చాదస్తం కాదు, నసీహత్. ఆ మాటకు విసుక్కోకుండా వేగం తగ్గించే తండ్రిని వెనుక కూర్చున్న పిల్లలు చూస్తుంటారు. రేపు వారు బండి నడిపేది ఆ చూసిన పద్ధతిలోనే.

ఇప్పుడు మళ్ళీ ఆ ట్రాక్టరు వెనుకకు వద్దాం. ఇఖామత్ వినబడినా నమాజుకు పరుగెత్తవద్దని, ప్రశాంతంగా నడిచి రమ్మని, దొరికినంత జమాఅత్‌తో చేసి మిగిలింది పూర్తి చేసుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. నమాజుకే తొందర వద్దన్నప్పుడు ఇఫ్తారు విందుకు తొందరెందుకు? సూర్యుడు అస్తమించగానే ఉపవాసం విరమించడం సున్నత్. దానికి ఇల్లే చేరనక్కర లేదు. బయలుదేరేముందు నాలుగు ఖర్జూరాలు, ఒక సీసా నీళ్ళు కారులో పెట్టుకుందాం. వేళ అయితే రోడ్డు పక్కన క్షేమమైన చోట ఆపి, బిస్మిల్లాహ్ అని విరమిద్దాం. ఖర్జూరం రుచి అక్కడా అదే. ట్రాక్టరు తన దారిన పోతుంది, బస్సు తన దారిన వస్తుంది. మనమూ, వారూ అందరం ఇళ్ళకు చేరుతాం.

మన ప్రయాణాలను క్షేమకరం చేయమని, మన వల్ల ఏ దాసునికీ హాని కలగకుండా కాపాడమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.