లైను చివరి ఊరు

మాది వాకాడు. స్వర్ణముఖి నది సముద్రంలో కలవబోయే ముందు తగిలే ఊరు. తూర్పుకు పోతే బకింగ్‌హాం కాలువ, ఇసుక దిబ్బలు, ఆ పైన సముద్రం. నేల అక్కడితో అయిపోతుంది. కరెంటు లైను కూడా అక్కడితోనే అయిపోతుంది. సాయంత్రం పూట బల్బులో ఎర్రటి తీగ కనబడి వెలుగు మాత్రం కనబడకపోతే, "వోల్టేజి లేదబ్బా" అని మా అమ్మ లాంతరు చిమ్నీ తుడిచేది. ఆ లాంతరు దగ్గర చదువుకొనే నేను ఈ కళాశాలకు వచ్చి విద్యుచ్ఛక్తి గూర్చి చదువుకున్నాను. తర్వాత అదే పాఠం చెప్పుకొని బతికాను.

సంచికకు వ్యాసం కావాలని విద్యార్థి మిత్రులు అడిగారు. పాఠం చెప్పడం తప్ప నాకు వేరే విద్య రాదు. కనుక పాఠమే చెప్తాను. అయితే ఇందులో ప్రశ్న నాది కాదు, మా చిన్నాన్నది.

1990లలో ఒక వేసవి. అప్పట్లో పొలాలకు వంతుల కరెంటు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. రాత్రి వంతులో ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోయింది. లైన్‌మన్ ఒక్కడు, ఊళ్లు అనేకం. చూస్తే మడి ఎండిపోతోంది. చిన్నాన్న టార్చిలైటు పట్టుకొని పోయి స్విచ్చి దించి ఫ్యూజు కట్టబోయాడు. మూడు బ్లేడ్లలో ఒకటి ఉప్పుగాలికి తుప్పు పట్టి ఊడిరాలేదు. ప్రాణం దక్కింది గాని కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఆసుపత్రిలో నన్ను చూసి అడిగాడు: "ఒరే అబ్బయ్యా, రైతుకు కరెంటు చవగ్గా ఇస్తన్నామంటారే. మరి నాకెందుకురా ఇంత ఖరీదు పడింది?"

అప్పటికే నేను లెక్చరర్ని. అయినా జవాబు చెప్పలేకపోయాను. తర్వాత నెమ్మదిగా కూడబలుక్కున్న జవాబు ఇది.

1. నీరు, బొగ్గు

రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడింది. అంతకుముందే, 1955లో, మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలైంది. తర్వాత సీలేరు, నాగార్జునసాగర్, శ్రీశైలం వచ్చాయి. నెల్లూరులో 1965లో 30 మెగావాట్ల చిన్న థర్మల్ కేంద్రం పెట్టారు. విజయవాడలో 1979లోనూ, రామగుండంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ద్వారా 1983లోనూ పెద్ద బొగ్గు యూనిట్లు మొదలయ్యాయి.

నీటి మీద ఆధారపడిన కరెంటుకు ఒక చిక్కుంది. వాన రాని ఏడు జలాశయంలో నీళ్లుండవు, కరెంటు తగ్గుతుంది. సరిగ్గా అదే ఏడు చెరువు కూడా ఎండుతుంది గనుక రైతు బోరు ఎక్కువసేపు నడపాలి. అంటే సరుకు తగ్గిన రోజే గిరాకీ పెరుగుతుందన్నమాట. కొరత తరచుగా వేసవిలో, కరువులో వచ్చి మీద పడడానికి ఇదొక ముఖ్య కారణం.

కాని ఇదే మొత్తం కారణమైతే, వానలు బాగా కురిసిన ఏడు మా బల్బు తెల్లగా వెలగాలి గదా? వెలగలేదు. కాబట్టి రెండో మెట్టుకు పోదాం.

2. తీగ

5 గుర్రాల మోటారు 415 వోల్టుల దగ్గర సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. లైను చివర వోల్టేజి 330కి పడిపోయిందనుకోండి. మోటారు లాగవలసిన బరువు తగ్గదు, నీళ్లు అంతే లోతునుంచి రావాలి. అందుకని అది దాదాపు 10 ఆంపియర్లు లాగుతుంది. వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక వైండింగులో పుట్టే వేడి ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. తిప్పే బలమేమో వోల్టేజి వర్గాన్ని బట్టి 63 శాతానికి దిగుతుంది. ఎక్కువ కరెంటు తాగి తక్కువ పని చేసి, ఆఖరుకు కాలిపోతుంది.

అదే లెక్క తీగకూ వర్తిస్తుంది. సన్నటి తీగ మీద పొడుగునా మోటార్లు తగిలిస్తే ఆంపియర్లు పెరిగి, దారిలోనే వోల్టేజి హరించిపోతుంది. సబ్‌స్టేషను పక్కనున్నవాడికి నిండు కరెంటు, చివరనున్నవాడికి మిగిలింది. కాలువ కింద చివరి ఆయకట్టు కథే ఇదీ. పైగా మా తీరంలో ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది, ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకొని మంచు పడ్డప్పుడు కరెంటు జారిపోతుంది. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర దాటిన తుపాను వంటివి వస్తే స్తంభాలే ఉండవు.

3. మనం

ఇక్కడ మన తప్పు కూడా చెప్పుకోవాలి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు గనుక ప్రతి రైతూ ఆటో స్టార్టరు పెట్టుకున్నాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. లేచేటప్పుడు ఏ మోటారైనా మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తే ఫ్యూజు ఎగరక ఏం చేస్తుంది? నా ఒక్కడి ఆటో స్టార్టరు తీసేస్తే నా మడి ఎండుతుంది. అందరమూ పెట్టుకుంటే అందరి మళ్లూ ఎండుతాయి. ఒక్కొక్కరి తెలివి కలిసి ఊరి తెలివితక్కువతనం అయింది. చిన్నాన్న కట్టబోయిన ఫ్యూజు అట్లా ఎగిరిందే.

4. ధర

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వ్యవసాయ మోటార్లకు గుర్రపు శక్తికి ఏడాదికి 50 రూపాయల స్లాబు రేటు పెట్టింది. దానిలో న్యాయం లేకపోలేదు. కాలువ కింద రైతుకు ఆనకట్ట ప్రభుత్వమే కట్టించింది. బోరు రైతు గుంత, మోటారు, పైపు అన్నీ సొంత అప్పుతో తెచ్చుకున్నాడు. అయితే స్లాబు వచ్చాక మీటరుతో పని లేకుండా పోయింది. మీటరు లేనిచోట ఎంత వాడారో, ఎంత దారిలో పోయిందో, ఎంత దొంగతనమో ఎవరికీ తెలియదు. సంస్కరణల నాడు లెక్కలు మళ్లీ తీస్తే, నష్టాలు అంతవరకు చెప్పినదానికంటే చాలా ఎక్కువని తేలింది. రైతు పేరు మీద రాసిన యూనిట్లన్నీ రైతు వాడినవి కావన్నమాట.

1998 సంస్కరణల చట్టంతో 1999లో బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడదీశారు. 2000లో ఛార్జీలు పెంచితే రాష్ట్రమంతా ఉద్యమం లేచింది. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. 2004 మేలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలు మీద తొలి సంతకం చేశారు. కెపాసిటరు, ఐ.ఎస్.ఐ. మోటారు, ఘర్షణ తక్కువైన ఫుట్‌వాల్వు, మంచి పైపు పెట్టుకోవాలని ఆ తర్వాత షరతులూ వచ్చాయి. ఓట్ల సభల్లో ఉచితం గూర్చి వినబడినంతగా కెపాసిటరు గూర్చి వినబడలేదు.

5. కొరత తీరిందా?

మా తీరానికే ఉత్తరాన కృష్ణపట్నం దగ్గర 800 మెగావాట్ల యూనిట్లు 2015లో రెండు, 2023లో మూడోది నడకలోకి వచ్చాయి. నా చిన్ననాటి నెల్లూరు కేంద్రాన్ని తలచుకుంటే అది ఊహకందని మాట. అయినా 2012లో గ్యాసు తగ్గి పరిశ్రమలకు వారంలో మూడు రోజులు పవర్ హాలిడే వచ్చింది. 2022 ఏప్రిల్‌లో మళ్లీ రెండు వారాలపాటు పరిశ్రమలకు కోతలు పెట్టారు. మా వైపు రొయ్యల గుంటలవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే పంట మొత్తం తేలిపోతుంది. అందుకే ప్రతి గుంట పక్కన ఒక డీజిలు జనరేటరు. అదీ కరెంటు ఖర్చే, బిల్లులో కనబడదు.

మందు లేకపోలేదు. 11 వేల వోల్టుల లైనును పొలం దాకా తెచ్చి, మూడు నాలుగు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టే పద్ధతి మన రాష్ట్రంలో అమలు చేశారు. అంత వోల్టేజిలో ఆంపియర్లు ఇరవై ఆరో వంతుకు దిగుతాయి, నష్టమూ దిగుతుంది. ఇది మా నలుగురిదీ అనే భావంతో రైతులు దాన్ని జాగ్రత్తగానూ చూసుకుంటారు. పొలాలకు విడి ఫీడర్లు వేసి పగలే కరెంటు ఇస్తే రాత్రి పాములకూ షాకులకూ మనిషి బలికాడు. ఎండ ఉన్నప్పుడే పుట్టే సౌరవిద్యుత్తు పగటి మోటారుకు చక్కగా సరిపోతుంది.

చిన్నాన్నా, నీ ప్రశ్నకు జవాబు ఇదీ. కరెంటు ధర మనం మూడుచోట్ల కడతాం: బిల్లులో, పన్నులో, కాలిన మోటారులో. బిల్లు తగ్గించినప్పుడు ఆ సొమ్ము పన్నులోనుంచి వేళకు రావాలి. రాకపోతే తుప్పుపట్టిన స్విచ్చి మార్చడానికి డబ్బుండదు. అప్పుడు మూడో చోట కట్టాలి. నువ్వు కట్టింది అక్కడ. ఈ మాట వినడానికి ఆయన ఇప్పుడు లేడు.

విద్యార్థులారా, సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక పని చేయండి. మీ పొలం ట్రాన్స్‌ఫార్మరు కంచె బయటనే నిలబడి దాని పలక మీద ఎన్ని కె.వి.ఏ. అని ఉందో చూడండి. 63 అయితే 5 గుర్రాల మోటార్లు పది దాకా మోస్తుంది. దాని కింద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. పదహారు ఉంటే ఫ్యూజు ఎందుకు పోతోందో మీకే తెలుస్తుంది. ఆ లెక్క కాగితం మీద వేసి రచ్చబండ దగ్గర చదివి వినిపించండి, ఆఫీసులో అర్జీతోపాటు ఇవ్వండి. మనం చదివిన చదువు ఊరికి అక్కరకొచ్చేది అక్కడే.