సంచిమీది బొమ్మ, డబ్బామీది రంగు

తొలకరి పడగానే ప్రొద్దుటూరు విత్తనాల అంగళ్లవద్ద ఒక గడియ నిలిచి వినండి. "పోయినేడాది కొండబోయిన ఎర్రబొమ్మ సంచే ఇయ్యన్నా" అను మాట చెవిని పడును. రకము పేరు, లాటు నెంబరు అడుగువారు కొద్దిమందే.

దీనిని చదువులేమి అనరాదు. ఇది చిన్ననాటినుండి వచ్చిన అలవాటు. అక్షరములు రాని పసివాడు బిస్కెట్టు పొట్లమును రంగునుబట్టి, బొమ్మనుబట్టి గుర్తించును. నోటికి తీపి తగిలిన వేళ కంటబడిన కాగితము వాని మనసులో నిలిచిపోవును. పెద్దవాడైన పిమ్మట కూడ చేయి మొదట ఆ రంగుమీదికే పోవును. పార్లే-జీ పొట్లముమీది పాప బొమ్మను కంపెనీవారు ఇన్నేండ్లుగా కాపాడుకొని వచ్చుట ఊరకనే కాదు.

బిస్కెట్టు విషయములో ఈ అలవాటువలన పెద్ద నష్టము లేదు. విత్తనము విషయములో ఉన్నది. బొమ్మను ఎవరైనను అచ్చు వేయించవచ్చును. నకిలీ విత్తనము అమ్మువానికి అదే సులువైన పని. కావున ఇప్పుడు ప్రత్తి కొనువారైనను, అక్టోబరులో జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ వేయువారైనను బొమ్మను విడిచి చీటీని చూడవలెను. ఫౌండేషన్ విత్తనమునకు తెల్ల చీటీ, ధృవీకరించిన విత్తనమునకు నీలి చీటీ, కంపెనీవారు తమ పూచీపై అమ్ముదానికి ఆకుపచ్చ చీటీ ఉండును. మొలక శాతము శనగకు 85, సంకర ప్రత్తికి 75 తగ్గరాదు. పరీక్ష తేదీ, గడువు తేదీ చదువుడు. సంచిని చీటీ లేని వైపు కత్తిరించి, చీటీని, రసీదును, గుప్పెడు విత్తనమును పంట చేతికి వచ్చువరకు దాచవలెను. మొలక రానినాడు ఫిర్యాదుకు ఇవే ఆధారము.

పురుగుమందు డబ్బాల సంగతి ఇంకను కఠినమైనది. 1971 నాటి నిబంధనల ప్రకారము ప్రతి డబ్బామీద వజ్రాకారపు గుర్తు ఉండవలెను. దాని క్రింది సగము ఎరుపైన అత్యంత విషము, పసుపైన ఎక్కువ విషము, నీలమైన మధ్యరకము, ఆకుపచ్చయైన తక్కువ. తక్కువ అనగా తాగదగినదని కాదు. మనకు హెచ్చరికగా పెట్టిన ఈ రంగులే పసివాని కంటికి పిప్పరమెంటు కాగితపు రంగులు! మందు పట్టించి రంగు వేసిన విత్తనము కూడ వానికి మిఠాయివలెనే కనబడును.

2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లాలో బడి భోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షలో తేలినది.

పులివెందుల ప్రాంతపు చీనీ, అరటి తోటల రైతులారా, మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో ఎన్నడును పోయరాదు. దాని రుచి ఎరిగిన పిల్లవాడు చీటీ చదువుటకై ఆగడు. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడువవలెను. నూనెకు, నీళ్లకు దానిని ఇంటికి తేరాదు. గ్రామాధికారులు బడి ఉపాధ్యాయులతో మాటలాడి ఆ వజ్రపు గుర్తును పిల్లలకు ఒకసారి చూపించిన మంచిది.

ఎవరైనను పొరబాటున మందు మ్రింగినచో బలవంతముగా కక్కించరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. ఆసుపత్రికి పోవునప్పుడు ఆ డబ్బాను వెంట తీసికొనిపోవలెను. విరుగుడు ఏమిటో డాక్టరు దానిమీది చీటీలోనే చూచుకొనును.