అత్తా కోడళ్ళు ఎక్కిన కొండ

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు అంచున ఒక పెద్ద కొండ ఉంది. మందస, సోంపేట ఊళ్ళ నుంచి చూస్తే నీలంగా కనిపిస్తుంది. దాని పేరు మహేంద్రగిరి. శిఖరం ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. ఎత్తు 1501 మీటర్లు. అంటే కిలోమీటరున్నర ఎత్తు. నేల మీద కిలోమీటరున్నర నడవడం తేలికే. అంత ఎత్తు పైకి ఎక్కాలంటే మాత్రం గుండెలు ఎగురుతాయి. పిక్కలు పట్టేస్తాయి.

కొండ మీద పాతకాలపు రాతిగుళ్ళు ఉన్నాయి. ఒకటి కుంతి గుడి. ఒకటి ధర్మరాజు గుడి. ఒకటి భీముడి గుడి. భీముడి గుడి బాగా పైన ఉంటుంది. తల్లి పేరున ఒక గుడి, కొడుకుల పేరున రెండు గుళ్ళు. కొండ మీద కూడా ఒక కుటుంబం ఉందన్నమాట.

ఈ కొండల్లో ఒక నది పుట్టింది. దాని పేరు మహేంద్రతనయ. తనయ అంటే కూతురు. ఈ కొండ కూతురు కిందికి దిగి, బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది.

ముఖలింగం నుంచి ఏలిన గంగరాజులకు ఈ కొండ మీది గోకర్ణేశ్వరుడు ఇలవేల్పు. ఇప్పటికీ శివరాత్రికి రెండు రాష్ట్రాల జనం కొండెక్కుతారు. ముసలివాళ్ళు, పిల్లలు కూడా ఎక్కుతారు.

ఉద్దానంలో ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంటివాళ్ళు కొండకు ఎలా వెళ్ళారో చదువుదాం.

ప్రయాణం

ఆ ఇంట్లో మామకు కిడ్నీ జబ్బు. పలాస కిడ్నీ ఆసుపత్రిలో చూపించుకుంటున్నాడు. మహేంద్రగిరి ఎక్కి దీపం పెడతానని ఆయన ఎప్పుడో మొక్కుకున్నాడు. డాక్టరు కొండెక్కొద్దన్నాడు.

"నీ మొక్కు నాను తీరుత్తాను" అంది అత్త. ఆమెకు అరవై ఏళ్ళు. ఆమెతో కొడుకు, కోడలు, పదేళ్ళ మనవరాలు బయలుదేరారు. మామను చూసుకోడానికి ఆడపడుచు వచ్చింది.

కోడలు రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. ముందురోజు రాత్రి కాగితం మీద రాసుకుంది. నీళ్ళ సీసాలు నాలుగు. అటుకులు, బెల్లం. దుప్పట్లు. టార్చిలైటు. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు. దీపం, నూనె, వత్తి.

"కొండకెళ్ళడానికి సీటీ ఏటే?" అని అత్త నవ్వింది.

"మర్సిపోకుండా అత్తా" అంది కోడలు.

శివరాత్రి రోజు పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టారు. కొండ మొదట్లో సవరల గూడేలున్నాయి. ఆడవాళ్ళు నెత్తిన కట్టెల మోపులతో దిగుతున్నారు. తొందర లేదు. అందరిదీ ఒకే నడక. చిన్న అడుగు, చిన్న అడుగు.

కొడుక్కి మాత్రం తొందర. దారిలో స్నేహితులు కలిశారు. "మీరు మెల్లగా రండి. నాను ముందెల్లి సోటు సూత్తాను" అన్నాడు. పెద్ద సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పొట్లాలు ఆ సంచీలోనే ఉన్నాయి.

మధ్యదారిలో

ఎండ ఎక్కింది. అత్త రాత్రి నుంచి ఏమీ తినలేదు. చుక్క నీరు కూడా తాగలేదు. శివరాత్రి ఉపవాసం. రెండు చోట్ల ఆగింది. మూడోసారి రాయి పట్టుకుని కూలబడింది.

"కళ్ళు తిరుగుతున్నాయమ్మీ. పిక్కలు పట్టేసినాయి" అంది. కొంగుముడి విప్పింది. అందులో ఒళ్ళునొప్పుల బిళ్ళలున్నాయి. కొట్లో కొన్నవి.

కోడలు ఆ బిళ్ళలు తీసేసుకుంది. "ఇవి వద్దత్తా. మామకి జబ్బొచ్చినపుడు నర్సమ్మ సెప్పింది కదా. ఒంట్లో నీరు లేనప్పుడు నొప్పిబిళ్ళ ఏసుకుంటే కిడ్నీ దెబ్బతింటాదంది. ముందు నీరు తాగు."

"ఉపాసం సెడిపోద్ది."

"అన్నం మానడం ఉపాసం. నీరు మానడం కాదు."

అత్త తల తిప్పుకుంది. "మీ మామ మొక్కే ఇది. నీరు తాగి ఎలా మొక్కను?"

కోడలు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన సీసా మూత బిగించి పక్కన పెట్టింది.

"అయితే నానూ తాగను" అంది.

మనవరాలు కూడా తన సీసా పక్కన పెట్టేసింది. దాని పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అత్త దాని మొహం చూసింది. తర్వాత చెయ్యి చాపింది.

"ఇలా తే" అంది. ముగ్గురూ తాగారు.

కోడలు అత్తను చెట్టు నీడకు తెచ్చింది. పైకి వెళ్తున్నవాళ్ళతో మొగుడికి కబురు పెట్టింది. అతను గబగబా దిగి వచ్చాడు. తల్లిని చూసి మొహం వాడిపోయింది. "సంచీ నా దగ్గరే ఉండిపోనాది" అన్నాడు.

కోడలు ఓఆర్ఎస్ పొట్లం తీసింది. మీద చిన్న అక్షరాలు. కూడబలుక్కుని చదివింది. "ఒ-క లీ-ట-రు నీ-టి-లో." లీటరు సీసా నిండా నీళ్ళు పోసి పొట్లమంతా కలిపింది. కొంచెం కొంచెంగా తాగించింది. గంట గడిచేసరికి అత్త మొహం తేటపడింది.

"ఇంకెంతో దూరం లేదు. ఎక్కేద్దాం" అన్నాడు కొడుకు.

"ఆవిడ సెప్పనీ" అంది కోడలు. "కొండ రేపూ ఉంటాది."

అత్త లేచి నాలుగడుగులు వేసి చూసుకుంది. "కుంతమ్మ గుడి దాకా వత్తాను. అంతే" అంది.

ఈసారి అత్త ముందు నడిచింది. మిగిలినవాళ్ళు ఆమె వెనక నడిచారు. ఆమె ఆగితే అందరూ ఆగారు.

కుంతి గుడి దగ్గర అత్త దీపం పెట్టింది. మామ పేరు చెప్పి దండం పెట్టుకుంది. రాత్రి చలి వేసింది. దుప్పట్లు కప్పుకుని జాగారం చేశారు. తెల్లారాక మనవరాలు తండ్రితో భీముడి గుడికి వెళ్ళొచ్చింది.

"మామ్మా, పైనించి సముద్రం కనిపించింది. మనూరు అక్కడే కదా!" అంది.

"నాను సూడకపోనేటి? నువ్వు సూసినావు కదా" అంది అత్త.

ఇంటికొచ్చాక మామ అడిగాడు. "శిఖరం ఎక్కినావా?"

"లేదు. నీ దీపం ఎలిగింది. నలుగురం దిగొచ్చినాం" అంది అత్త.

తెలుసుకుందాం

జట్టులో అందరికంటే మెల్లగా నడిచేవారు ముందుండాలి. వాళ్ళ అడుగే అందరి అడుగు. ఇంటివాళ్ళు విడిపోకూడదు.

ఎవరి నీళ్ళ సీసా వాళ్ళ దగ్గరే ఉండాలి. దాహం వేయకముందే గుటక గుటకగా తాగాలి. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఎంత నీరు తాగాలో డాక్టరును అడగాలి. కొండెక్కవచ్చో లేదో కూడా అడగాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో, అసలు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. కానీ డాక్టరు చెప్పకుండా నొప్పిబిళ్ళలు మింగితే కిడ్నీకి చేటని అందరికీ తెలుసు.

ఓఆర్ఎస్ పొట్లం లేకపోతే ఇంట్లోనే కలుపుకోవచ్చు. శుభ్రమైన నీరు 1 లీటరు. పంచదార 6 చిన్న చెంచాలు. ఉప్పు అర చిన్న చెంచా. చెంచా మీద పోగు లేకుండా సమంగా కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

పైకి వెళ్ళేకొద్దీ చలి పెరుగుతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. అందుకే కింద చెమట పట్టినా దుప్పటి మోసుకెళ్ళాలి.

దిగేటప్పుడు మోకాళ్ళ మీద బరువు పడుతుంది. కాలు జారేది కూడా అప్పుడే ఎక్కువ. చేతిలో కర్ర ఉంటే మంచిది. దిగడానికి కూడా ఓపిక మిగుల్చుకోవాలి.

ఒక ఆడపిల్ల

ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తైన కొండ ఎవరెస్టు. దాని ఎత్తు 8,848 మీటర్ల పైనే. మహేంద్రగిరికి దాదాపు ఆరింతలు. మలావత్ పూర్ణ అనే తెలుగు పిల్ల దాన్ని ఎక్కింది. ఆమెది నిజామాబాద్ జిల్లా పాకాల. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. 2014 మే 25న ఆమె శిఖరం చేరింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు.

ఆమె ఒక్కరోజులో ఎక్కలేదు. ముందు భువనగిరి బండ మీద నేర్చుకుంది. తర్వాత మంచు కొండల మీద నెలల తరబడి సాధన చేసింది. తోడుగా జట్టు ఉంది. చిన్న కొండకైనా, పెద్ద కొండకైనా ముందు సిద్ధపడాలి. తోడు ఉండాలి.

మాట్లాడుకుందాం

1. నొప్పిబిళ్ళలు కోడలు ఎందుకు తీసేసుకుంది?
2. అత్త చివరికి నీళ్ళు ఎందుకు తాగింది?
3. అత్త శిఖరం ఎక్కలేదు. మరి మొక్కు తీరినట్టేనా? మీరేమంటారు?
4. మీ ఇంట్లో ఎవరి నడక అందరికంటే మెల్లన? వాళ్ళ కోసం ఎవరు ఆగుతారు?

రాయండి

మీ ఇంటివాళ్ళతో ఒక కొండకు వెళ్తున్నారు. వెంట ఏమేం తీసుకెళ్తారు? ఒక చీటీ రాయండి. రాసింది ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.