పుండు మానింది, రోగం మానలేదు

ఈ వ్యాసం సుఖవ్యాధుల గురించి. పేరు చదవగానే వెనక బెంచీలో నవ్వులు మొదలవుతాయని నాకు తెలుసు. నవ్వండి, కానీ చివరిదాకా చదవండి. వార్డెన్ సారు కూడా ముందు "ఇదెందుకురా గోడ మీద?" అన్నారు. సంగతి చెప్పాక ఒప్పుకున్నారు.

పోయిన వేసవిలో కూకట్‌పల్లిలో మా మామ దగ్గరికి పోయాను. మామ తాపీ పని చేస్తాడు. తెల్లారేసరికి అడ్డా మీద మన తండాల వాళ్లెందరో నిలబడి ఉంటారు, హైటెక్ సిటీ వైపు లేచే బిల్డింగుల పనికి. మామ గదిలో ఐదుగురు. అందులో ఒక అన్నకు అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రటి మచ్చలు వచ్చాయి. సిమెంటు పడక వచ్చాయనుకున్నాడు. మామ గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. హోలీకి ముందు మర్మాంగం దగ్గర పుండు లేచిందట. నొప్పి లేదట. సిగ్గుపడి మెడికల్ షాపులో ట్యూబు కొని పూశాడు. కొన్ని వారాలకు మానింది. మందుతోనే మానిందనుకున్నాడు.

అది సిఫిలిస్. పెద్దవాళ్లు సవాయి అంటారు. ఆ పుండు మందు పూసినా పూయకపోయినా మానుతుంది! క్రిమి మాత్రం రక్తంలో ఉండిపోతుంది. తర్వాత మచ్చలు వస్తాయి, అవీ పోతాయి. ఆపైన ఏళ్ల తరబడి చప్పుడుండదు. వైద్యం చేయించకపోతే కొందరికి గుండె, మెదడు, కళ్లు దెబ్బతింటాయి.

సిఫిలిస్, గనేరియా, హెచ్ఐవి, హెపటైటిస్ బి ముఖ్యంగా రోగం ఉన్నవారితో లైంగిక సంబంధం వల్ల అంటుతాయి. తల్లి నుంచి బిడ్డకూ రావచ్చు. హెచ్ఐవి, హెపటైటిస్ బి ఒకరు వాడిన సూది, బ్లేడు వల్ల కూడా రావచ్చు. కాబట్టి హాస్టల్లో ఒకే బ్లేడుతో నలుగురు గీసుకోవడం, జాతరలో ఒకే సూదితో పచ్చబొట్లు పొడిపించుకోవడం మానాలి. ఒకే కంచంలో తింటే, పక్కన పడుకుంటే, దోమ కుడితే హెచ్ఐవి రాదు.

మన వయసులో దూరంగా ఉండటమే అన్నిటికన్నా గట్టి రక్షణ. పెద్దవాళ్లకు కండోమ్ ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. అయితే పుండు కండోమ్ కప్పని చోట ఉంటే సిఫిలిస్ అంటవచ్చు. హెపటైటిస్ బి కి టీకా ఉంది. మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దాన్ని దేశంలోనే తయారుచేసి చౌకగా తెచ్చింది. ఎవరైనా బలవంతం చేస్తే తప్పు మీది కాదు. నర్సమ్మకు చెప్పండి, లేదా 1098కి ఫోన్ చేయండి.

మామ ఆ అన్నను సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ సుఖవ్యాధులకు సురక్షా క్లినిక్ ఉంటుంది. ఎవరికీ చెప్పరు. రక్త పరీక్షలో సిఫిలిస్ తేలింది. హెచ్ఐవి లేదన్నారు, కానీ కొత్తగా సోకితే వెంటనే కనబడదు కనుక మూడు నెలలకు మళ్లీ రమ్మన్నారు. (హెచ్ఐవి ఉన్నా భయపడి పారిపోవద్దు. 2004 నుంచి మన దేశంలో మందులు ఉచితం. రోజూ వేసుకుంటే బతుకు సాగుతుంది.) పెన్సిలిన్ సూది వేశారు. తర్వాత, "నీ భార్యను కూడా తీసుకురా" అన్నారు.

అన్న ముఖం మాడిపోయింది. వదినకు అప్పుడు ఐదో నెల. చెబితే పుట్టింటికి పోతుందని రెండు రోజులు గదిలోనే కూర్చున్నాడు. సిఫిలిస్ తల్లికి ఉంటే బిడ్డ కడుపులోనే పోవచ్చు, లేదా రోగంతో పుట్టవచ్చు. కడుపుతో ఉన్నప్పుడే పెన్సిలిన్ పడితే బిడ్డకు రాకుండా ఆపవచ్చు. ఈ మాట క్లినిక్ అక్క రెండుసార్లు చెప్పింది. చివరికి మామే ఊరికి ఫోన్ చేశాడు.

వదిన వచ్చింది. పరీక్షలో ఆమెకూ ఉందని తేలింది. సూది వేయించుకుంది. బస్సెక్కేదాకా అన్నతో ఒక్క మాట మాట్లాడలేదు.

బాబు పుట్టాక వాడికీ రక్త పరీక్ష చేశారు. రోగం లేదు. మొన్న దసరాకు పోయినప్పుడు చూశాను, నా వేలు పట్టుకుని వదల్లేదు.