అర్వరీ నదీ సంసదు

రాజస్థాన రాష్ట్రమున ఈశాన్యదిశయందు అల్వారు జిల్లా కలదు. ఆరావళీ పర్వతపంక్తులు ఆ జిల్లాగుండ సాగిపోవుచుండును. అచ్చట ఏడాదికి సగటున అరువది సెంటీమీటర్ల వాన కురియును. అనంతపురము జిల్లాలో కురియు వానకంటె అది కొంచెము హెచ్చే. అయినను ఆ వానలో అధికభాగము మూడునెలలలో, అందును కొద్దిదినములలో కురిసి, బోడికొండలమీదుగా జారి, మన్ను కోసికొని, గంటలలో పల్లమునకు పోవును. తక్కిన తొమ్మిదినెలలు ప్రజలు బావులను నమ్ముకొని బ్రదుకవలెను.

ఈ కొండలలో పుట్టిన చిన్ననది అర్వరి. దాని పరీవాహకమున, అనగా ఏ నేలపై బడిన వాన తుదకు ఆ నదిని చేరునో ఆ ప్రదేశమున, డెబ్బదికి పైగా గ్రామములు కలవు. 1980 ప్రాంతమున ఆ గ్రామములలోని బాలురు ఏడాదిపొడవునను పారు నదిని చూచి యెరుగరు. వాన వెలిసిన కొలదిదినములకే అది ఇసుకయు గులకరాళ్ళును నిండిన దారియై పోవుచుండెను. బావులు ఎండెను. పశువులు అమ్ముడుపోయెను. పనిచేయగల పురుషులు దూరనగరములకు కూలికి వెళ్ళిరి. ఇంట మిగిలిన స్త్రీలకు నీరు మోయుటతోనే ప్రొద్దు గడచుచుండెను.

పూర్వము ఆ గ్రామములకు జోహడ్‌లు ఉండెడివి. జోహడ్ అనగా నేలవాలుకు అడ్డముగా అర్ధచంద్రాకృతిని పోసిన మట్టికట్ట. దాని వెనుక వాననీరు నిలుచును. తెలుగునాట కుంట యనబడునది ఇంచుమించుగా ఇట్టిదే. అయితే కుంటనీటిని తూముద్వారా పొలమునకు పారించుకొనుట ఇచ్చటి అలవాటు. జోహడ్ పని వేరు. అందలి నీటిని పశువులు త్రాగును. తక్కినది మెల్లగా నేలలోనికి ఇంకి, రాతిపొరల పగుళ్ళవెంట నడచి, దిగువనున్న బావులలో ఊరును. ఎండ తగులని చోట నీటిని దాచుకొనుటయే ఇందలి కిటుకు. నీరు తీసిపోయిన పిదప ఆ తడినేలలోనే పైరు వేసికొనుటయు కలదు. అడవులు నరుకబడి, కట్టలను కాపాడు గ్రామకట్టుబాట్లు సడలిన కొలది జోహడ్‌లు పూడిపోయెను. వాటి గుట్టు తెలిసినవారు ముసలివారు మాత్రమే మిగిలిరి.

1985లో తరుణ భారత సంఘమునకు చెందిన రాజేంద్రసింగ్ అను యువకుడు కొందరు మిత్రులతో జయపురమునుండి ఆ ప్రాంతమునకు వచ్చెను. ఆయన ఆయుర్వేదము చదివినవాడు. వైద్యము చేయవలెననియు, చదువు చెప్పవలెననియు వారి తలంపు. కాని ఆ పల్లెలలోని ఒక వృద్ధుడు, మందులును పలకలును తరువాత చూచుకొనవచ్చును, ముందు నీటి సంగతి చూడుమని చెప్పి, పూడిపోయిన జోహడ్‌ను త్రవ్వుమనెను. పట్టణమునుండి వచ్చినవారు పల్లెకు పాఠము చెప్పుట తరచు కనబడును. పల్లె చెప్పిన పాఠమును విని వారు పార చేతబట్టుట అరుదు. గోపాలపురా గ్రామమున పని మొదలయ్యెను. వాన వచ్చెను, కట్ట నిలిచెను, దగ్గరి బావులలో నీరూరెను. కట్ట అక్రమమని అధికారులనుండి నోటీసులును వచ్చెను. అయినను బావి నిండిన కబురు నోటీసుకంటె వేగముగా పొరుగూళ్ళకు ప్రాకెను.

అర్వరికి నీరిచ్చు పాయలలో ఒకటి పుట్టుచోట భాంవతా, కోల్యాలా అను జంటగ్రామములు కలవు. అచ్చటివారు 1987లో పనికి పూనుకొనిరి. ఊరంతయు గ్రామసభలో కూడి, అందరును ఒప్పుకొనిన పిమ్మటనే కట్ట పోయవలెను. కట్టకు తగిన స్థలమును చూపువారు ఊరివారే. ఏ వాగు ఎంత వడిగా వచ్చునో మేకలకాపరికి తెలిసినంత మరియొకరికి తెలియదు. శ్రమయందును ఖర్చునందును ఊరివారి వంతు తప్పదు. తక్కినది సంఘము సమకూర్చును. ఇట్లు ఊరు వెంబడి ఊరు చేయగా, నదీపరీవాహకమున సుమారు 375 కట్టలు వెలసెను.

విచిత్రమేమనగా, వారు నదిని బ్రదికింపవలెనని బయలుదేరలేదు. తమ బావులు నిండిన చాలుననుకొనిరి. బావులు నిండి, నేల తడిసి, ఇక ఇముడజాలని నీరు ఇసుకనుండి పైకుబికెను. వానల తరువాత కొన్నినెలలు సాగిన ప్రవాహము ఏటేట పెరిగి, 1995 నాటికి అర్వరి వేసవిలోను ఆగక పారెను.

నీరు వచ్చెను; నీటితోపాటు తగవును వచ్చెను. నదిలో చేపలు పెరిగెను. 1996లో ప్రభుత్వము వానిని పట్టుకొను హక్కును ఒక గుత్తేదారునకు ఇచ్చెను. చట్టము దృష్టిలో నది ప్రభుత్వముది. గ్రామస్థుల దృష్టిలో అది తాము మోసిన మట్టితట్టల ఫలము. వారిలో అనేకులకు చేపను చంపుట సమ్మతము కాదు. అంతకంటె పెద్దసందేహ మొకటి వారికి కలిగెను: నేడు చేపలను ఇచ్చినవారు రేపు నీటిని ఇయ్యరా? గ్రామములు ఏకమై అడ్డుతగిలెను. తుదకు గుత్త రద్దయ్యెను.

బయటివాని నడ్డగించుట సులభము. తమలోనివాని నడ్డగించుట కష్టము. ఏటియొడ్డున పొలమున్న రైతు ఇంజనుపెట్టి నీరు తోడి చెఱకు వేయగలడు. ఒక్కడు వేసిన అది ఎవ్వరికిని నేరముగా తోచదు. నూరుమంది వేసిన దిగువగ్రామపు రేవు ఎండును. కొండవాలున నున్న రైతు కట్టకు మట్టి మోసెను, కాని అతని పొలమునకు నదినీరు చుక్కయైన అందదు. భూమిలేని కాపరికి కావలసినది గడ్డియు, మేకలకు ఇంత నీరును. ఈ మువ్వురికిని నది ఒక్కటే. గ్రామసభ తన పొలిమేరవరకే నిర్ణయింపగలదు. నీరు పొలిమేర నెరుగదు.

1999 జనవరి 26వ తేదీన హమీర్‌పూర్ గ్రామమున ఈ నది వెంటగల గ్రామములవారు కూడి అర్వరీ సంసదును ఏర్పరచుకొనిరి. సంసదు అనగా పార్లమెంటు. 72 గ్రామముల ప్రతినిధులు అందు సభ్యులు. ఏడాదికి రెండుమారులు సమావేశము జరుగవలెను. పేరు పెద్దదే గాని, చట్టము దానికిచ్చిన అధికారము ఏమియు లేదు. ఆ సభ్యులు తమకు తాము విధించుకొనిన నియమములు మిక్కిలి కఠినములు. చెఱకు, వరి వంటి పైరులు వేయరాదు. లోతైన గొట్టపుబావులు త్రవ్వరాదు. పచ్చనిచెట్టును నరుకరాదు. నదిలో చేపలను పట్టరాదు. హోళీపండుగ దాటిన పిదప పొలములకు నదినుండి నీరు తోడరాదు.

వరి వేయరాదనుట తెలుగువారికి వింతగా తోచవచ్చును. లెక్క చూచినచో వింత లేదు. వరిమడికి ఒక పంటకాలమున నూరు సెంటీమీటర్లకు తక్కువకాని నీరు కావలెను. అచ్చట ఆకాశము ఏడాది మొత్తమునకు ఇచ్చునది అరువది. గోధుమ, ఆవ, సజ్జ వంటి పైరులు అంతకంటె ఎంతయో తక్కువ నీటితో పండును. చెఱకును మానుకొనిన రైతునకు చేతికి రావలసిన సొమ్ము తగ్గును. ఆ నష్టము నిజమైనదే. దానికి బదులుగా అతనికి దొరకునది, వేసవిలో తన బావి ఎండదను ధైర్యము మాత్రమే. నియమమును మీఱినవానిని పట్టుటకు సంసదునకు పోలీసులు లేరు, చెఱసాల లేదు. మొదట అతని ఊరివారే అతనితో మాటాడవలెను. అచ్చట తీరని తగవు సంసదు ముందునకు వచ్చును. ఎదుట కూర్చున్నవారు పొరుగువారును బంధువులును అగుటచేత, వారి మాటను త్రోసివేయుట జరిమానా కట్టుటకంటె కష్టము.

2000 మార్చిలో రాష్ట్రపతి కె. ఆర్. నారాయణన్ స్వయముగా ఆ ప్రాంతమునకు వచ్చి భాంవతా, కోల్యాలా వాసులకు పురస్కార మొసంగెను. రాజేంద్రసింగ్‌నకు 2001లో రామన్ మెగసెసే పురస్కారమును, 2015లో స్టాక్‌హోం జలపురస్కారమును లభించెను.

పురస్కారములతో ప్రశ్నలు తీరలేదు. శాస్త్రజ్ఞులు తరువాతికాలమున ఈ పరీవాహకమును పరిశీలించిరి. కట్టలవలన భూగర్భజలము పెరిగి, కరవునాళ్ళలో బావులను ఆదుకొనునని వారు గ్రహించిరి. ఎగువను కట్టలు హెచ్చిన కొలది దిగువకు పోవు ప్రవాహము కొంత తగ్గుననియు వారు గ్రహించిరి. అర్వరీనీరు తుదకు పోయి చేరునది బాణగంగను. బాణగంగ యొడ్డువారు ఈ 72 గ్రామములలోనివారు కారు. కట్టకు మట్టి మోసినవాని వంతెంత, ఎంతో దిగువను బావి త్రవ్వుకొనినవాని వంతెంత యను ప్రశ్నను అడుగుటకు వారికి ఆ సంసదున చోటు లేదు.